ఊఁ తీగ

శుద్ధ విదియ

తీగల గది, పాత టోల్‌గేటు, వంతెన బస్తీ. రాస్తున్నది తీగల పని చూసే నూకరత్నం.

ఈ ఉదయం నెట్ పలక పోయింది. పోయిందంటే పగల్లేదు, కాలలేదు. నిక్షేపంలా వెలుగుతోంది. ‘మీ గుర్తింపు సరిచూస్తున్నాం, దయచేసి ఆగండి’ అని చూపిస్తూ తెర మీద ఓ చక్రం తిప్పుతోంది. సరిచూసే కంపెనీ నీళ్ళలో కలిసి ఏళ్ళయింది. ఆ కబురు దీనికి చెప్పే దిక్కు లేదు. ఇలాగే ఆగి ఆగి ఇంతకుముందు మిగతా పలకలన్నీ పోయాయి. ఇదే ఆఖరిది. ఇక కొండ నెట్‌తో మాట్లాడటానికి మా చేతిలో ఏమీ లేదు.

నెట్ లేకపోతే కొంపలేం మునుగుతాయని అవతలి స్తంభాల వాళ్ళు అడిగారు. మునగాల్సినవన్నీ ఎప్పుడో మునిగాయి కాబట్టే కదా వంతెన మీద కాపురాలు పెట్టాం అని వాళ్ళ నోరు మూయించాను గానీ, నా భయమంతా పడవ గురించే. మందుల పడవ పున్నమి పోటు మీద కొండరేవు నుంచి బయల్దేరుతుంది. ఎవరు ఏమడిగితే అదే ఎక్కిస్తారు. అడగనిదే అమ్మైనా పెట్టదు, కొండవాళ్ళు పెడతారా. చతుర్దశి సాయంత్రంలోగా మా ఇండెంటు, అంటే కావాల్సిన సరుకుల చీటీ, వాళ్ళకు చేరాలి. ఆ పడవ తప్పితే గాలి తిరుగుతుంది, వానలు పోయేదాకా మరో పడవ లేదు.

మిగతా మందులు రాకపోయినా మూలిగి బతుకుతాం. ఒక్కటి మాత్రం రాకపోతే మనిషి పోతుంది. మా తోడికోడలు వీరవేణక్కకు చిన్నప్పటి నుంచీ షుగరు. పూటపూటా ఇన్సులిన్ సూది పడాలి. తడి ఇసుకలో పెట్టిన కుండలో ఉన్న సీసాలు ఈ పున్నమి దాటి నాలుగు రోజులు వస్తాయేమో, వానాకాలం ఈదలేవు.

నాకూ అక్కకూ పడదని బస్తీ అంతటికీ తెలుసు. రొయ్యల పచ్చడి జాడీ నాదంటే నాదని గొడవపడ్డ దగ్గర్నుంచి రెండేళ్ళుగా ఆమె గుమ్మం తొక్కలేదు. అయినా ఆమె లేని వంతెన నాకొద్దు. పోట్లాడటానికి నాకు మరొకరు దొరకరు.

మా మధ్య మాటలు లేకపోయినా ఒక బెల్లు తీగ ఉంది. మా బావగారు అబ్బులు వలకు పోయినప్పుడు ఆమెను కనిపెట్టి ఉండటానికి, ఆమె గది నుంచి తీగల గదికి ఆయనే లాగారు. సూది వేసుకోగానే ఒకసారి నొక్కుతుంది. నేను పుస్తకంలో రాస్తాను.

సాయంత్రం బెల్లు మోగింది. అక్క క్షేమం.

చవితి

టోల్‌గేటు పక్కన లారీలు తూచిన కాటా గది ఉంది. అక్కడ గోనెల కింద ఆ కాటా కంప్యూటరు ఉందని నాకు గుర్తు. బావగారూ నేనూ కలిసి మోసుకొచ్చాం. మా ఆయన ఉప్పు మడుల పనికి పోయి ఉన్నారు, ఉంటే మోతకు పనికొచ్చేవారు.

ఎండ పలకల నుంచి కరెంటిచ్చాను. ఓ మూలుగు మూలిగి లేచింది. పాతవాటి గొప్పతనమే అది, లేవటానికి ఎవరి అనుమతీ అడగవు. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి.

లారీ నంబరు?

ఏ మీట నొక్కినా అదే ప్రశ్న. చివరికి ఏడో స్తంభం దగ్గర నీళ్ళలో ముక్కు పైకెత్తి మునిగి ఉన్న లారీ నంబరు కొట్టాను. డ్రైవరు పేరు అడిగింది. అబ్బులు అని కొట్టాను. బావగారు మురిసిపోయారు. ‘కాటా మీదికి రండి’ అని చెప్పి, ఇక రాబోయే లారీ కోసం నిష్ఠగా కూర్చుంది.

దాని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఒక్కటే ఉంది. మా దీపస్తంభం మీద కొండ నెట్‌ను పట్టే రేడియో పెట్టెకు కూడా అలాంటిదే ఉంది కాబట్టి ఈ రెంటినీ కలిపితే నెట్ రావాలి. కానీ ఆ ఒక్క పోర్టునూ కాటా ప్రోగ్రాము లారీ కోసం పట్టుకుని వదలటం లేదు.

“ఇంతకీ ఏటి లేదంటావమ్మాయ్?” అన్నారు బావగారు.

“పోర్టుకి సరైన డ్రైవరు లేడండీ.”

“అదేంటి, ఇందాకేగా నా పేరు కొట్టావ్?”

ఆ డ్రైవరు వేరు, ఇది పోర్టుకు మాట నేర్పే ప్రోగ్రాము అని చెప్పాను. బండికైనా పోర్టుకైనా పాత చేతులే నయమని ఆయన తీర్మానం.

బెల్లు మోగింది. అక్క క్షేమం.

షష్ఠి

కంప్యూటరు లేవగానే కాటాను పిలవమని అందులో రాసి ఉన్న వరుసను వెతికి పట్టి తీసేశాను. లారీ కోసం ఎదురుచూపులు అయిపోయాయి. పాపం, ఎన్నేళ్ళ నిరీక్షణో.

రేడియో పెట్టెతో వచ్చిన ఫ్లాపీలో రెండు డ్రైవర్లు ఉన్నాయి. పెద్దది వేస్తే తెర నిండా చెత్త అక్షరాలు. అది తర్వాతి కాలపు పోర్టుల కోసం రాసింది. ఆ పోర్టులలో వచ్చిన అక్షరాలు వరసగా కూర్చునే బల్ల ఉంటుంది. మా కాటా పోర్టులో ఒక్క ముక్కాలి పీట ఉంది. మొదటి అక్షరం లేవకముందే రెండోది వస్తే మొదటిది కిందపడుతుంది. అందుకని చిన్న డ్రైవరు వేసి, వేగం బాగా తగ్గించాను.

తీగ సంగతి కూడా తేల్చాను. స్తంభం మీది నుంచి గదికి మూడు పోగుల తీగ ఉంది. చెప్పేది ఒకటి, వినేది ఒకటి, నేలకు పోయే ఎర్తుది ఒకటి. ఇటు చెప్పే పిన్నును అటు వినే పిన్నుకు, ఇటు వినేదాన్ని అటు చెప్పేదానికి వెయ్యాలి. తిన్నగా కలిపితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, వినేవాళ్ళుండరు. నాకు పని నేర్పిన మేస్త్రీ దీన్ని కుండమార్పు అనేవాడు. మీ పిల్ల మాకు, మా పిల్ల మీకు. బావగారు టంకం పెట్టారు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పోర్టు దొరికిందంది, రేడియో దొరికిందంది. ఆ తర్వాత మూగనోము పట్టింది. ఒక్క అక్షరం కూడా పంపదు.

బెల్లు మోగింది. అక్క క్షేమం.

అష్టమి

నిన్నంతా ఫ్లాపీలోని సూచనలు చదివాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇన్నాళ్ళూ ఎందుకైందో తెలిసింది. ఈ డ్రైవరుకు మర్యాద ఎక్కువ. పంపేముందు ఒక తీగ మీద ‘చెప్పనా?’ అని అడుగుతుంది. అవతలివాళ్ళు ఇంకో తీగ మీద ఊఁ అంటేనే చెబుతుంది.

మా అత్తగారూ ఇంతే. ఆల్చిప్పలు ఒలిచేటప్పుడు కథ చెప్పేవారు. పక్కన కూర్చున్నవాళ్ళం ఊఁ కొట్టకపోతే టక్కున ఆపేసి, “నేనేమన్నా గోడకి సెప్తన్నానా?” అనేవారు. నేను కథలో పడి ఊఁ కొట్టటం మర్చిపోయి తిట్లు తినేదాన్ని. వీరవేణక్క మాత్రం ఊఁ కొట్టడంలో అందెవేసిన చెయ్యి. రాజు చచ్చినా ఊఁ, బతికినా ఊఁ. నిద్రపోతూ కూడా కొట్టేది. అత్తగారికి ఆమె అంటేనే ఇష్టం.

ఇప్పుడు మా మూడు పోగుల్లో ఊఁ తీగ లేదు. వంతెన మీద ఖాళీగా ఉన్న అంత పొడుగు తీగ ఎక్కడా మిగల్లేదు, ఉన్న రాగినంతా ఉప్పుగాలి తినేసింది. అందుకని ఓ ఉపాయం చేశాను. మా పోర్టు వెనకే, చెప్పనా అనే పిన్నుకూ ఊఁ అనే పిన్నుకూ వేలెడు తీగముక్క కలిపేశాను. మన ప్రశ్నకు మనమే ఊఁ కొట్టుకోవడం.

పలికింది. కొండ నెట్ పేజీ పచ్చటి అక్షరాల్లో ఒక్కో వరుసా దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పెట్టెకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఇన్సులిన్ మందు’ అని కొట్టి ఇండెంటు పంపేశాను. బావగారు వంతెన చివరిదాకా నడిచి అందరికీ చెప్పి వచ్చారు.

బెల్లు మోగింది. అక్క క్షేమం.

నవమి

కొండరేవు నుంచి జవాబు వచ్చింది.

‘మీరు అడిగిన ఇనుము ఉంది. నాలుగు రేకులు ఎక్కిస్తున్నాం. లచ్చన్నదొర.’

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టుంది. ఇనుము ఎవరడిగారు? తర్వాత కాగితం మీద అక్షరాలు విడివిడిగా రాసుకుని చూస్తే తెలిసింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఇన్సులిన్ మందు అని రాసి, మధ్య మధ్య కొన్ని రాలగొడితే మిగిలేది ఇనుమే. అక్షరాలు దారిలో రాలిపోయాయి. రేవులో సరుకు ఎక్కించే లచ్చన్నదొర తప్పేం లేదు, ఆయనకు అందిన మాట ఆయన నమ్మాడు.

మళ్ళీ పంపాను. ఈసారి ‘అసంపూర్ణం’ అని తిరిగొచ్చింది. ఇంకా వేగం తగ్గించి పంపినా అంతే. ఇండెంటు ఒకే ముద్దగా చేరాలి, చివరి చుక్క రాలితే ఆ పేజీ పుచ్చుకోదు. మొదటిసారి ఆ చుక్క ఎలాగో చేరినట్టుంది.

ఎందుకు రాలుతున్నాయో నాకు అర్థమైంది, చేసింది నేనే కాబట్టి. స్తంభం మీది ఎండ పలకకు మబ్బు అడ్డం వస్తే రేడియో పెట్టె కాసేపు పంపలేకపోతుంది. ఆగమని చెప్పాలనుకుంటుంది. చెప్పటానికి దానికి తీగ లేదు. ఇక్కడేమో నా తీగముక్క ఊఁ ఊఁ అంటూనే ఉంది, కంప్యూటరు పోస్తూనే ఉంది. నిండిన గిన్నెలో పోసింది ఒలికిపోతోంది.

“ఇనుమైనా మంచిదేలే అమ్మాయ్, వంటిల్లు కారుతోంది” అన్నారు బావగారు. నవ్వటానికే అన్నారు, నవ్వలేకపోయారు.

కావాల్సింది రెండు పోగుల తీగ, గది నుంచి దీపస్తంభం మీదికి. వంతెన మీద అలాంటిది ఒక్కటే ఉంది. దాని చివర అక్క వేలు ఉంది.

బెల్లు మోగింది. అక్క క్షేమం.

ఏకాదశి

నిన్నంతా వేరే దారులు వెతికి, లేక, ఈ మధ్యాహ్నం బెల్లు తీగ అడుగుదామని ఆమె ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కాను.

అక్క కుండ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగుతోంది. ఒక చెంబు తాగి రెండోది ముంచుకుంది. పెదాలు ఎండి పగిలాయి. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి ఆశ్చర్యపోవటానికి కూడా ఓపిక లేనట్టుంది.

“పొద్దున సూదేసుకున్నావా అక్కా?”

“ఊఁ.”

“నిండుగానే ఏసుకున్నావా?”

“ఊఁ.”

ఆ ఊఁ నాకు తెలుసు. ఆల్చిప్పల దగ్గర విన్నదే.

“కింద సముద్రం ఎండిపోయిందంటక్కా.”

“ఊఁ.”

ఇసుకలో ఉన్న కుండ మూత తీసి సీసా వెలుగుకు పట్టుకున్నాను. తగ్గాల్సినంత తగ్గలేదు. ఎన్నాళ్ళ నుంచో సగం సగమే వేసుకుంటోంది. బెల్లు మాత్రం నిండుగా మోగిస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఎవర్ని మోసం చేద్దామని? రోజూ నేను క్షేమం అని రాత్తన్నాను పుస్తకంలో.”

“అరవకే. తల తిరుగుతోంది.” ఆమె చెంబు కింద పెట్టింది. “పలక పోయిన రోజే అనుకున్నాను, పొదుపు సెయ్యాలని. నీ పెట్టె పలికేదెప్పుడు, పడవొచ్చేదెప్పుడు. పలికిందన్నారు, సంతోషం. పలికి ఏం తెత్తందంట? ఇనుము. ఇనుము పొడుచుకోనా నేను?”

“మరి ఆ మాట నాతో సెప్పొచ్చు కదా.”

“సెప్తే నువ్వేం జేత్తావ్? ఏడుత్తావ్. ఏడిత్తే పని సెయ్యలేవు.”

అన్నట్టే ఏడ్చాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని సీసా తీసి సూదిలోకి నిండు మోతాదు ఎక్కించాను. ఆమె చీర కుచ్చెళ్ళు జరిపి పొట్ట చూపించింది, నేనే సూది వేశాను.

“ఈ బెల్లు పీకేత్తన్నానక్కా. ఆ తీగ నాకు కావాలి.”

“నేను పోయేటప్పుడు దేన్ని నొక్కమంటావ్?”

“నొక్కక్కర్లేదు. పూటపూటా నేనే వత్తాను.”

“పచ్చడి సంగతి మర్సిపోయావా?”

“మర్సిపోలేదు. ఆ పచ్చడి నాదే. అయినా వత్తాను.”

ఆమె పెదాలు కొంచెం కదిలాయి. నవ్వో, దాహమో తెలియలేదు. తీగ విప్పుతుంటే వద్దనలేదు.

ఇవాళ బెల్లు లేదు. అక్క క్షేమంగా లేదు. అది ఈ పుస్తకంలో ఉండాలి.

త్రయోదశి

బెల్లు తీగలో సరిగ్గా రెండు పోగులు. ఒకటి ‘చెప్పనా’కు, ఒకటి ‘ఊఁ’కు. ఇక్కడా కుండమార్పే. స్తంభం పైకి బావగారే ఎక్కారు. ఈ వయసులో వద్దన్నా వినలేదు, ఆవిడ తీగ ఇంకెవర్ని ముట్టనిస్తానన్నారు.

నా వేలెడు తీగముక్కను టంకం కరిగించి పీకేశాను. ఊఁ తీగకు చిన్న దీపం కట్టాను, ఊఁ అంటే వెలుగుతుంది. కంప్యూటరు లేచింది. పోర్టు దొరికింది, రేడియో దొరికింది. దీపం వెలగలేదు.

పొద్దున వెలగలేదు, మధ్యాహ్నం వెలగలేదు. ఆకాశం అడుగంటిన మసికుండలా ఉంది. టంకాలన్నీ మళ్ళీ చూశాం. తీగ మంచిదే, పిన్నులు మంచివే. రేడియో ఇప్పుడు పంపలేనంటోంది, అంతే. మొదటిసారి నిజం చెబుతోంది.

మధ్య మధ్య లేచి అక్క దగ్గరకు వెళ్ళి వస్తున్నాను. నిండు మోతాదులు పడుతున్నాయి కాబట్టి దాహం కొంచెం తగ్గింది. ఇలా నిండుగా వేస్తే సీసాలు పున్నమి దాటాక ఎన్నాళ్ళో రావని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

చతుర్దశి

పొద్దుటి పోటుతో మబ్బు కొంచెం విచ్చింది. దీపం మిణుకుమంది. వెంటనే ఇండెంటు పంపాను. తెర మీద అక్షరాలు వరసగా కదిలాయి. సగంలో దీపం ఆరింది, అక్షరాలు ఆగిపోయాయి.

బావగారు నా భుజం మీదుగా చూస్తున్నారు. ఆగి ఆగి, “అమ్మాయ్, ఆ ముక్క మళ్ళీ పెట్టరాదూ. ఇయ్యాలే ఆఖరు. ఏదో ఒకటి ఎళ్ళనీ” అన్నారు.

ఆ తీగముక్క బల్ల మీదే ఉంది. పెడితే ఈ క్షణంలో కదులుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. చెయ్యి కూడా చాపాను. ఇనుము గుర్తొచ్చింది. ముక్క తీసి కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేశాను. బావగారు అది పడ్డ చోటు చూస్తూ నిలబడ్డారు.

“ఆగమంటోందండీ. ఆగుదాం” అన్నాను.

ఆయన వెళ్ళి గడపలో కూర్చుని వల బాగుచేసుకోవటం మొదలుపెట్టారు. ఒక కన్ను దీపం మీదే. నేను దీపాన్ని తిట్టాను, మబ్బును తిట్టాను, నీళ్ళలో కలిసిన కంపెనీని పేరు పెట్టి తిట్టాను. ఎండ టోల్‌గేటు కప్పు దాటి పడమటికి వాలింది. బయటికి వెళ్ళి చూసిరాలేను, ఇక్కడ కూర్చోలేను. అక్క సూది వేళ దాటుతోందని బావగారు గుర్తు చేసినప్పుడు కూడా లేవలేకపోయాను.

దీపం వెలిగింది. అక్షరాలు ఆగిన చోటు నుంచే కదిలాయి. కొంచెం వెళ్ళి ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఊఁ అన్నప్పుడు చెప్పింది, అననప్పుడు నోరు మూసుకుంది. ఒక్క అక్షరం రాలలేదు. చివరి చుక్క కూడా వెళ్ళాక తెర ఖాళీ అయింది.

పొద్దు వాలుతుండగా జవాబు వచ్చింది.

‘ఇన్సులిన్ మందు. నిండుగా అందింది. ఎక్కిస్తున్నాం. ఇనుము ముందే ఎక్కించేశాం, దింపేవాళ్ళు లేరు. లచ్చన్నదొర.’

బావగారు దాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత వల పట్టుకునే ఇంటి వైపు పరుగెత్తారు. ఆ మనిషి పరుగెత్తటం నా కాపురంలో చూడలేదు. ఆయన వెనకే వెళ్ళి ఆలస్యంగానైనా అక్కకు సూది వేశాను.

బహుళ తదియ

పడవ వచ్చింది. వానలు ఎంత సాగినా సరిపడేన్ని సీసాలు చల్లపెట్టెలో ఉన్నాయి. వాటి కింద నాలుగు ఇనప రేకులు. బావగారు సాయంత్రానికల్లా వంటింటి కప్పు మీద రెండు బిగించేశారు. మిగతా రెండూ తీగల గదికట.

సూది వేళకు వెళ్ళాను. ఇవాళ పడవ దగ్గర సామాను దించటంలో బాగా ఆలస్యమైంది. అక్క గుమ్మంలో కూర్చుని చేప తోముతోంది. ముఖంలో కళ వచ్చింది, నోట్లో పదును కూడా వచ్చింది. రేకులు వంకరగా వేశారని మొగుడిని కడిగేస్తోంది.

“నేను రాలేదని నువ్వే ఏసేసుకున్నావా అక్కా?” అని అడిగాను.

“ఊహూఁ” అంది, చేప మీంచి తల ఎత్తకుండానే. “నువ్వొత్తావు గదా అని ఆగాను.”

సీసా తీసి నిండుగా ఎక్కించాను. వచ్చేటప్పుడు ఓ గిన్నె చేతిలో పెట్టింది. రొయ్యల పచ్చడి. ఉప్పు ఎక్కువైంది, అది కూడా రాస్తున్నాను.

అక్క క్షేమం. చూసి రాస్తున్నాను.